మోదుగాకు మీద ఆఖరి కుప్ప

మా ఆయన ఫారెస్టు గార్డు. ఈ మాట చెబితే చాలు, "అబ్బ, ఎంత అదృష్టం! పచ్చటి చెట్లు, చల్లటి గాలి" అంటారు. అలా అనేవాళ్ళని ఆ చెట్ల మధ్య ఒక్క నెల ఉండి రమ్మనాలి. వడమాలపేట నుంచి కొండవైపు పోయే మట్టిరోడ్డు చివర ఒక ఊరు. ఆ ఊరి చివర, గట్టు మీద, మా క్వార్టర్సు. నేనేమో కార్వేటినగరంలో ఇంటినిండా జనంతో, నా మాట నాకే వినపడనంత గోలలో పెరిగినదాన్ని. ఇక్కడ పొద్దున ఆయన బీటుకు వెళ్ళిపోతే మళ్ళీ పొద్దు వాలాకే రావడం. మధ్యలో నా గొంతు నేను వినాలంటే కోళ్ళను తిట్టుకోవాలి.

గట్టు దిగితే మొదటి ఇల్లు ఒక అవ్వది. ఆమె ఒక్కతే నన్ను "పాపా" అని పిలిచేది. చెంబులో మజ్జిగ తెచ్చి, తాగేదాకా నిలబడి, నా జడ బాగాలేదని రెండు తిట్లు తిట్టి పోయేది. ఆ తిట్ల కోసం ఎదురుచూసేదాన్ని.

మేము కాపురం పెట్టిన ఏడాది ఎండాకాలంలో ఊరి గంగమ్మకు జాతర చేశారు. జాతర మర్నాడు మగవాళ్ళంతా వలలు, కుక్కలు తీసుకుని కొండెక్కడం అక్కడి ఆచారం. అడవి జంతువుల్ని చంపకూడదని చట్టం వచ్చి కొన్నేళ్ళు అయినా, దాని సంగతి ఆ ఊరిదాకా ఇంకా రాలేదు. ఆ చట్టం ఏమిటో చెప్పడానికే తిరుపతిలో గార్డులందరినీ కూర్చోబెట్టారు. మా ఆయన అక్కడికే వెళ్ళాడు. ఆయన అక్కడ పాఠం వింటూ ఉంటే ఇక్కడ ఊరివాళ్ళు దుప్పిని కొట్టుకొచ్చారు. చూడండి మా రాత!

సాయంత్రం గుడి ముందర మోదుగాకులు పరిచి పొయ్యికొక మాంసం కుప్ప పెట్టారు. ఊరి పెద్దాయన ఆ కుప్పలకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఒకడు కర్రతో ఒక కుప్పను చూపించి "ఇది ఎవురికి?" అని అరుస్తాడు. పెద్దాయన వెనక్కి తిరగకుండానే ఒక ఇంటి పేరు చెబుతాడు. ఏ కుప్ప పెద్దదో ఏది చిన్నదో ఆయన చూడడు కాబట్టి తర్వాత తగువు ఉండదు.

"ఇది ఎవురికి?"

"బాయికాడోళ్ళకి."

"ఇది?"

"గట్టు మీదోళ్ళకి."

గట్టు మీదోళ్ళు ఎవరబ్బా అని ఒక్క క్షణం అటూ ఇటూ చూశాను. గట్టు మీద ఉన్నది మేమే! నాకు నవ్వు ఆగలేదు. ఆ ఊరు మాకొక పేరు పెట్టింది, మా పొయ్యిని లెక్కలో వేసుకుంది. ఆకు దొన్నెను రెండు చేతులతో పట్టుకుని, పుట్టింటి నుంచి సారె వచ్చినట్టు గట్టెక్కాను.

కూర ఉడుకుతూ ఉండగా మా ఆయన తిరుపతి నుంచి దిగాడు.

"ఏం కూర?" అన్నాడు.

"దుప్పి. ఊరోళ్ళు మనకూ కుప్ప పెట్టినారు."

ఆయన ముఖం మాడిపోయింది. "నా కొంపలో దుప్పి కూరా! రేంజరు కంట్లో పడితే నా ఉద్యోగం ఉంటాదా?" అని అరుస్తూ గుడ్డతో కుండను పట్టుకుని బయటికి నడిచాడు. ఇంటి వెనక పారబోసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కోపంలో మనిషికి ముందూ వెనకా తెలియదు కదా. ఊరంతా ఇంకా గుడి దగ్గరే ఉండగా, అందరికీ కనబడేలా, గట్టు అంచున ఉన్న పెంటదిబ్బ మీద కుమ్మరించాడు. గంగమ్మ పేరు చెప్పి పంచిన కూర. కింద ఉన్నవాళ్ళంతా చూశారు. ఒకరి వెనక ఒకరు ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఆ రోజుతో మజ్జిగ చెంబు రావడం ఆగిపోయింది. బావి దగ్గరికి నేను పోతే మాటలు ఆగిపోయేవి. "ఏం కూరొండినారు అక్కా" అంటే "ఏదో ఒకటి" అనేవాళ్ళు. అవ్వ కూడా ఎదురుపడితే "ఊ" అని తలూపి పోయేది. ఆ "ఊ" కంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

తర్వాత ఊళ్ళో దండోరా వేశారు. కొండదారిలో "ఇచట వేటాడుట నేరము" అని బోర్డు పాతారు. దాని మీద దుప్పి బొమ్మ వేసిన మహానుభావుడు ఎవరో గానీ, అది అచ్చం మేకలా ఉండేది. ఇంకొకప్పుడైతే నేనూ అవ్వా దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వి ఉండేవాళ్ళం. ఒక్కదాన్నే ఎంతసేపని నవ్వను?

చట్టం తప్పని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నా కోపం ఇంకొకటి. దాన్ని చేసినవాళ్ళు ఎక్కడో ఉంటారు. తీసుకొచ్చి ఊరి మీద పెట్టే పని మాత్రం ఖాకీ చొక్కా వేసుకున్న ఒక్క మనిషిది. మీ జాతరను ఎలా చేసుకుందాం అని ఏ ఆఫీసరైనా వచ్చి ఆ ఊరివాళ్ళతో కూర్చుని మాట్లాడాడా? లేదు. వాళ్ళకు వాళ్ళే ఆలోచించుకుని, మరుసటి జాతరకు దుప్పి బదులు ఒక పొట్టేలును తెచ్చుకున్నారు. కొండెక్కడం మానేశారు. చట్టం మాట విని అంత పెద్ద ఆచారం మానుకున్నందుకు వాళ్ళని మెచ్చుకున్నవాడు కూడా లేడు.

ఆ సాయంత్రం మళ్ళీ మోదుగాకులు పరిచారు. మా వాకిట్లో నిలబడితే గుడి ముందు భాగమంతా కనిపిస్తుంది, మాటలూ వినిపిస్తాయి. ఒక్కో ఇంటి పేరూ వింటూ నిలబడ్డాను. బాయికాడోళ్ళకి, తూరుపింటోళ్ళకి, చింతమానోళ్ళకి. గట్టు మీదోళ్ళకి అని మాత్రం రాలేదు. జనం వెళ్ళిపోయాక ఒక్క కుప్ప మిగిలింది. అది అమ్మవారిది కాబోలు అనుకున్నాను. పెద్దాయన దాని మీద ఆకు కప్పి, పక్కనే కూర్చున్నాడు. చూడలేక లోపలికి పోయి దీపం వెలిగించాను. ఆ తర్వాతి జాతరలకూ అంతే. పేర్లు వినడం, ఏడుపు ఆపుకోవడం, దీపం పెట్టడం.

ఒకసారి ఉండబట్టలేక అనేశాను. "దుప్పుల్ని నువ్వు కాపాడతా ఉండావు. నన్నెవరు కాపాడతారు?"

ఆయన బూట్లు విప్పుతూ ఆగాడు. "నాతో మాత్రం ఎవురు మాట్లాడతాండారే?" అన్నాడు. ఆ మాట ఆయన నోటినుంచి వస్తుందనుకోలేదు. జాలేసింది. జాలిపడితే మాత్రం ఏం లాభం, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే కదా.

మర్నాడు తెల్లవారగానే నన్ను కొండమీద నీటిగుంట దగ్గరికి తీసుకెళ్ళాడు. పొద మాటున కూర్చోబెట్టి, మాట్లాడొద్దని సైగ చేశాడు. కాసేపటికి దుప్పులు వచ్చాయి. తల్లి నీళ్ళు తాగుతుంటే చుక్కల పిల్ల దాని కాళ్ళ మధ్య దూరి తొంగి చూసింది. నా ఒళ్ళు పులకరించింది. ఎంత బాగుందో! ఇంటికి రాగానే గట్టు దిగి అవ్వకు చెప్పాలని కాళ్ళు పరుగెత్తాయి. సగం దారిలో గుర్తొచ్చింది, చెప్పడానికి ఎవరూ లేరని. వెనక్కి వచ్చి పొయ్యి రాజేసుకున్నాను.

పలమనేరు వైపు అడవుల్లోకి ఏనుగులు వచ్చాయని, అక్కడికి మనుషులు కావాలని మా ఆయన్ని బదిలీ చేశారు. అప్పటికి జాతర అయిపోయి కొద్దిరోజులే. సామాను లారీకి ఎక్కిస్తూ ఉంటే అవ్వ గట్టెక్కి వచ్చింది.

"ఇన్నేండ్లకు దోవ కనపడిందా అవ్వా?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"నీకు కనపడిందా ఏంది? జాతర జాతరకూ మీ కుప్ప పెట్టుకోని ఆ ముసలాయన కూసోనుంటే, గట్టు దిగినావా నువ్వు?"

"మా కుప్పా? అది అమ్మవారిది గదా!"

"అమ్మోరికి మొదులే పెడతారు. కడాన ఉండేది మీది. ఒకసారి పారేసినోళ్ళని మళ్లా పేరు పెట్టి పిలవకూడదు. వాళ్ళే వచ్చి చెయ్యి సాపాల. మీ ఊర్లో లేదా ఈ కట్టుబాటు?"

లేదు. మా ఊళ్ళో కూర అంగట్లో కొంటాం.

"గట్టు మీద దీపం పెట్టిందాకా సూసేవాడు పెద్దాయన. దీపం పెట్టినావంటే ఇంక రావు గదా. అప్పుడు ఎవురికైనా ఇచ్చెయ్యమని నా చేతికిచ్చి లేసి పోయేవాడు" అంది.

"ఒక్క మాట చెప్పుండొచ్చు గదా అవ్వా!"

"నువ్వు ఒక్క మాట అడిగుండొచ్చు గదా పాపా."

ఆ పిలుపు విని అక్కడే, లారీ ముందర, డ్రైవరు చూస్తున్నా సిగ్గులేకుండా ఏడ్చాను. ఏడుస్తూనే చెయ్యి చాపాను. "ఇప్పుడు అడుగుతా ఉండాను. ఇస్తావా?"

అవ్వ చెంగు ముడి విప్పి గుడ్డమూట చేతిలో పెట్టింది. ఆ ఏడాది మా కుప్పను ఉప్పూ పసుపూ రాసి ఎండబెట్టింది. ఉప్పుకండం. "ఈసారి ఎవురికీ ఇయ్యబుద్ధి గాలేదు" అని చెప్పి, నా జడ వైపు చూసి, ఏమీ అనకుండానే దిగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పలమనేరులో, మూటలు కూడా విప్పని క్వార్టర్సులో, దాన్ని వండి పెట్టాను. మా ఆయన ముద్ద కలుపుతూ అలవాటుగా "ఏం కూర?" అన్నాడు.

"గట్టు మీదోళ్ళ కూర" అన్నాను.

నేను జరిగినదంతా చెప్పాను. తలెత్తకుండా విని, కంచం ఊడ్చి తిన్నాడు. బయట చల్లగాలి వీస్తోంది, రోడ్డు మీద బెంగళూరు బస్సులు పోతున్నాయి. మమ్మల్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఆ కొత్త ఊళ్ళో ఎవరూ లేరు.