డబ్బా లేని గిటారు

ఆ రోజుల్లో మా కోరుట్లలో మాట్లాడే గొంతుల కంటే పాడే గొంతులే ఎక్కువగా ఉండేవి. తెలంగాణ కోసం రోడ్డు మీద వంట వండితే పాట, బస్సు ఆపితే పాట, ధర్నా టెంటు కింద మధ్యాహ్నం కునుకు పట్టకుండా ఇంకో పాట. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నానని ఇంట్లో చెప్పుకునే వయసు (కాలేజీ తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ కాబట్టి అది పూర్తి నిజమూ కాదు, అబద్ధమూ కాదు). ఊరంతా పాడుతుంటే నాకూ పాడాలని ఉండేది. గొంతు మాత్రం చిల్లు పడ్డ బిందె. మాది ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం కాబట్టి ఈ పోలిక నాకు మా బాపే ఇచ్చాడు.

జగిత్యాలలో విద్యార్థుల పాటల జట్టు ఒకటి ఉండేది. దాని పెద్దను అందరూ గజ్జెలన్న అనేవాళ్లు. ఎక్కడికి వెళ్లినా సంచిలో గజ్జెలు మోగేవి. నన్నూ చేర్చుకోమని వారం రోజులు వెంటపడితే, ఒకరోజు విసిగిపోయి అడిగాడు. "పాడరాదంటవ్. డప్పు కొట్టరాదంటవ్. ఏం జేస్తవ్‌ర మరి?" నా నోటి నుంచి ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు, "గిటారు వాయిస్త అన్నా" అనేశాను. అప్పటికి నేను గిటారును క్యాలెండరు బొమ్మలో తప్ప చూడలేదు. గజ్జెలన్న కళ్లు మెరిశాయి. "గట్లనా! ఇరవై రోజులల్ల సిరిసిల్లల పాటల ధూంధాం ఉన్నది. అండ్ల వాయిస్తే జట్టుల ఉంటవ్. లేకుంటె జెండలు మొయ్యి, గంతే." జెండాలు మోయడం తప్పు పని కాదు. కానీ మా బావమరుదులందరూ అప్పటికే మోస్తున్నారు, వాళ్ల మధ్యలో నన్నెవరు చూస్తారు?

జగిత్యాలలో హార్మోనియాలూ, బడి బ్యాండు డ్రమ్ములూ అమ్మే దుకాణంలో గిటార్లు నాలుగు వేలాడుతుండేవి. బేరానికి బంద్ రోజునే ఎంచుకున్నాను. ఆ రోజు దుకాణదారుకు ఇంకో గిరాకీ ఉండదు, మనమే మహారాజులం. పొద్దున కోరుట్లలో గొంతు చించుకుని షట్టర్లు దింపించిందీ నేనే, మధ్యాహ్నం జగిత్యాలలో సేటును బతిమాలి సగం షట్టరు ఎత్తించిందీ నేనే (ఉద్యమం నన్ను క్షమించుగాక). సగం షట్టరు కింద ఇద్దరం గొంతుకూర్చుని బేరం మొదలుపెట్టాం.

సేటు ఒక్కొక్కటీ దించి చూపించాడు. మొదటిది నైలాన్ తీగెలది, వేలికి మెత్తగా ఉంది. రెండోది స్టీలు తీగెలది, ఒక్కసారి గీకితే గోడ మీది డోలక్ కూడా ఉలిక్కిపడింది. మూడోది ఒడిలో పడుకోబెట్టి ఇనుప ముక్కతో ఇస్త్రీ చేసినట్టు రుద్దేది. నాలుగోది ఎర్రగా, సన్నగా, పొట్ట లేకుండా ఉంది. నాకు సంగీతం తెలియదు కానీ సామాను తెలుసు. మా దుకాణంలో బిందె కొనేవాడు రెండే పనులు చేస్తాడు, వేలి కణుపుతో కొట్టి చూస్తాడు, చేత్తో ఎత్తి బరువు చూస్తాడు. నేనూ అదే చేశాను. మొదటి మూడూ బోలుగా మోగాయి, ఎత్తితే పిట్టల్లా తేలిపోయాయి. గాలికి ఎవరైనా డబ్బులిస్తారా? ఎర్రదాన్ని కొడితే రోకలిలా గట్టిగా ఉంది. ఎత్తితే భుజం దిగింది. నిఖార్సైన సరుకు!

"తమ్మీ, గది కరెంటుది. దానికి డబ్బా గావాలె" అన్నాడు సేటు, పక్కనున్న నల్లటి స్పీకరు పెట్టెను చూపిస్తూ.

నాకు నవ్వొచ్చింది. మేము గిన్నెకు మూత విడిగా అంటగట్టేది ఇలాగే కదా! "సేటూ, నేను గూడ దుకాణపోల్ల పిలగాన్నే. డబ్బా ముచ్చట నాకు జెప్పకు."

"అరె, డబ్బా లేకుంటె మోగది తమ్మీ!"

"మూత లేకుంటె అన్నం ఉడుకదా సేటూ?"

సేటు నన్ను కాసేపు జాలిగా చూశాడు. ఆ జాలిని నేను ఓటమి అనుకున్నాను. చెప్పిన ధరలో సగానికి దించి, పైనుంచి ఒక పట్టీ కూడా ఊరికే గుంజుకుని, మా బావ బండి వెనక విజేతలా కూర్చుని ఇంటికొచ్చాను.

ఇంట్లో మా బాపు, అవ్వ, ఎదురింట్లో బీడీలు చుట్టే అక్కలు అందరూ చుట్టూ చేరారు. పట్టీ భుజాన వేసుకుని తీగెలన్నీ ఒక్కసారి గీకాను. చెవి దగ్గర దోమ తిరిగినట్టు వినిపించింది. మళ్లీ గీకాను. రెండో దోమ వచ్చింది. మా బాపు గిటారు చేతిలోకి తీసుకుని బరువు చూసి, "మాల్ మంచిగనే ఉన్నది గని, గిది వాయించెటిదా, జోకెటిదా?" అన్నాడు.

అప్పుడు నన్ను కాపాడింది మా వాడలో గోడ పనికి వచ్చిన కొడిమ్యాల మేస్త్రన్న. రోజంతా గోడలు కడతాడు, ఆదివారం ప్రార్థనలో గిటారు వాయిస్తాడు. నా సరుకు చూసి నవ్వలేదు (అంతకంటే నవ్వి ఉంటేనే బాగుండేది). సిమెంటు వేళ్లు కడుక్కుంటూ చెప్పాడు. "సూడు తమ్మీ, నైలాన్ తీగెలది అవ్వ అసొంటిది, పక్కన కూసుంటెనే ఇనవడ్తది. స్టీలు తీగెలది అత్త, ఒక్క మాటంటె వాడంత ఇంటది. నీది సర్పంచ్. మైకిస్తెనే మాట్లాడ్తడు." ఏదీ చెడ్డది కాదు, ఎక్కడ వాయిస్తామో తెలిసి కొనాలి, అన్నాడు. కాకపోతే సిరిసిల్లలో మైకుసెట్టు ఎలాగూ ఉంటుంది, దానికే తీగె తగిలిస్తే మోగుతుందని ధైర్యం చెప్పాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఉన్న రోజుల్లో మేస్త్రన్న నాకు రెండు కార్డులు, అంటే తీగెలను వేళ్లతో కలిపి నొక్కే తీరులు, నేర్పాడు (ఆయన వాటిని పట్లు అనేవాడు). పాటకు కావలసినవి మూడు. మూడోది పట్టబోతే నా చిటికెన వేలు ప్రత్యేక రాష్ట్రం అడిగేది.

సిరిసిల్లలో మా వేదిక మరమగ్గాల షెడ్ల నడుమ ఒక చౌరస్తా. మధ్యాహ్నం వేళ. మైకుసెట్టాయన వైరు తగిలించగానే నా ఎర్ర గిటారు నిజంగానే మోగింది! కానీ ఎవరికి? చుట్టూ వందల మగ్గాలు దడదడలాడుతున్నాయి, ఎదురుగా పాతికమంది లేరు. కార్మికులంతా షెడ్లలోనే ఉన్నారు. గజ్జెలన్న మొదటి పాట ఎత్తుకోబోతుండగా కరెంటు పోయింది.

సిరిసిల్లలో కరెంటు పోతే ఏమవుతుందో చూసినవాళ్లకే తెలుసు. ఊరి శ్వాస ఒక్కసారి ఆగినట్టు మగ్గాలన్నీ నిలిచిపోతాయి, లోపలి మనుషులంతా చెమట తుడుచుకుంటూ బయటికి వస్తారు. పాతికమంది క్షణంలో చౌరస్తా నిండా జనమయ్యారు. భుజాల మీద దూది పేలికలు, కళ్లలో 'కానియ్యుండ్రి' అన్న ఆత్రం. గజ్జెలన్నకు మైకు అక్కర్లేదు. డప్పులకు అసలే అక్కర్లేదు. వేదిక మీద కరెంటు కోసం దిక్కులు చూస్తున్నది నేనొక్కడినే.

"ఏమైందిర? మొదలువెట్టు!" అని పళ్ల మధ్య నుంచి అన్నాడు గజ్జెలన్న.

"సర్పంచ్ పడుకుండన్నా" అన్నాను, చచ్చిన వైరు చూపిస్తూ.

ఇంతలో జనం మధ్య నుంచి ఒక గిటారు తలల మీదుగా నా వైపు వచ్చింది. వెనక మేస్త్రన్న. సాయంత్రం అక్కడే ప్రార్థన ఉండటంతో తన స్టీలు తీగెలది వీపున వేసుకుని నా వాయింపు చూడ్డానికి వచ్చాడు. "పట్టు! రెండే వాయించు. మూడోది అచ్చినకాడ చెయ్యి లేపు. తప్పు వాయించేకంటె వాయించకుంటెనే ఇజ్జత్."

వాయించాను. అత్త నిజంగానే వాడంతా వినిపించింది. మూడో పట్టు దగ్గర చెయ్యి పైకెత్తాను. అదేదో సైగ అనుకుని డప్పులవాళ్లు కూడా టక్కున ఆపారు. పాట మధ్యలో ఒక ఖాళీ పడింది. అంతలో ఆ ఖాళీలోకి చౌరస్తా అంతా కలిసి చప్పట్లు కొట్టింది, మగ్గంలో దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకున్నట్టు, మూడంటే మూడు. రెండో చరణంలో ఆ చోటు కోసం వాళ్లే ఎదురుచూశారు.

దిగగానే గజ్జెలన్న భుజం మీద చెయ్యి వేశాడు. "గా ఆపుడు ఎవలు జెప్పిన్రు తమ్మీ?"

బిందెకు సొట్ట పడితే మా దుకాణంలో ఎవరూ ఒప్పుకోరు. "అది డిజైనన్నా" అన్నాను. జట్టులో ఉండిపోయాను. మేస్త్రన్న తన గిటారు తుడుచుకుంటూ నా చెవిలో అన్నాడు. "మూడో పట్టు నేర్సుకో. గని గాడ మాత్రం ఎప్పుడు వాయించకు."

తర్వాత రాష్ట్రమూ వచ్చింది, నాకు మూడో పట్టూ వచ్చింది. ఎర్రదానికి డబ్బా కూడా కొన్నాను (ఆ సేటు దగ్గరే, ఆయన చెప్పిన ధరకే, దాని గురించి అడగకండి). నైలానుదీ, స్టీలుదీ కూడా ఇప్పుడు ఇంట్లో ఉన్నాయి. ఎవరైనా ఏది మంచిదని అడిగితే మాత్రం స్టీలు తీగెలదాని వైపే నా చెయ్యి పోతుంది. అప్పుడప్పుడు తలుపు వేసుకుని ఆ పాట వాయిస్తాను. ఆ చోటు రాగానే చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. గదిలో ఎవరూ ఉండరు. ఆ మూడు చప్పట్లు అయ్యేదాకా ఆగి, నాలో నేనే నవ్వుకుని, మళ్లీ ఎత్తుకుంటాను.