మెట్ల చివరి నీలం తలుపు

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం గ్రీసు దీవుల పాత గైడు కొన్నాను. "గిది కొన్నోళ్లంత మళ్ల తెచ్చిస్తున్నరమ్మా" అన్నాడు అమ్మే ముసలాయన. చదివేసి తిరిగి అమ్మడం అక్కడ మామూలే కదా అనుకున్నాను.

మావారు రిటైరయ్యాక తెరచాప పడవలో ఆ దీవులు తిరిగాం. మూడో దీవిలో ఊరు చూస్తుంటే, గైడులో ఎవరో పెన్సిలుతో తెలుగులో రాసింది కనబడింది: "మెట్ల చివరి నీలం తలుపు తట్టకండి." మిట్టమధ్యాహ్నం, వీధిలో నరపురుగు లేదు. ఎదురుగా మెట్ల చివర అదే తలుపు. నవ్వుతూ తట్టాను.

లోపల్నుంచి ఒక ఆడగొంతు, అచ్చం మన హైదరాబాదు తెలుగులో, మెల్లగా అడిగింది: "పుస్తకం తెచ్చినవా?"

పడవ ఎక్కేదాకా వెనక్కి చూడలేదు.

తిరిగొచ్చిన ఆదివారమే పుస్తకం ముసలాయన ముందు పెట్టాను. ఆయన దాన్ని పాత చోటనే సర్దుతూ అడిగాడు: "మీరు గూడ తలుపు కొట్టిన్రా అమ్మా?"

నాంపల్లిలో మా ఇంటికి ఆ ఫుట్‌పాత్ మీదుగానే దగ్గర దారి. ఆదివారాలు మాత్రం చుట్టూ తిరిగి వెళ్తున్నాను.