మామ పడవ మీద నేను పెట్టిన మబ్బులు

పోయిన వేసవిలో పుత్తూరు నుంచి తడ దగ్గరి మా అత్తావాళ్ల ఊరికి వెళ్లాను. మామ పులికాట్ సరస్సులో చేపలు పడతాడు. ఒక సాయంత్రం ఒడ్డున కూర్చుని, దూరంగా నీళ్ల మీదున్న ఆయన పడవను ఫోన్‌లో ఫోటో తీశాను. ఆకాశం మరీ బోసిగా అనిపించింది. ఎడిటింగ్‌లో నల్లటి మబ్బులు, ఒక మెరుపు చేర్చి స్టేటస్‌లో పెట్టాను.

సరుకుల కోసం సూళ్లూరుపేట వెళ్లిన అత్త అది చూసింది. సంచులు కూడా దించకుండా ఆటోలోంచి దూకి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మీ మామ యాడున్నాడే? గాలివాన యాడ?"

నేను తల దించుకుని ఫోన్ చూపించాను. "మబ్బులు నేనే పెట్టినా అత్తా..."

కాస్త దూరంలో వలలు బాగుచేస్తున్న ఆడవాళ్లకు మా మాటలు వినపడలేదు. "ఏమ్మే, మొగుణ్ని సూడకుండా ఒక పూట ఉండలేవా?" అని పకపకా నవ్వారు. నేను ఫోన్‌ను వెనక్కి దాచుకున్నాను. అత్త తప్పు నాదని వాళ్లకు చెప్పలేదు. వాళ్లతో పాటు నవ్వేసి, నా భుజం పట్టుకుని మెల్లగా అంది:

"ఈసారి మబ్బులు పెట్టాలంటే, ముందు మీ మామను గట్టుకు చేర్సి పెట్టు."

అప్పుడుగానీ ఆమెకు ఆటోలో వదిలేసిన సంచులు గుర్తు రాలేదు.

ఇప్పటికీ ఫోటోల్లో వెలుగు సరిచేస్తుంటాను. ఆకాశాన్ని మాత్రం ఉన్నదున్నట్టే వదిలేస్తాను.