వీపు తిప్పి కూర్చున్న ఆంటీ

మా కింది ఇంటి ఆంటీ పోయారని ఆవిడ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను గుడ్‌గావ్ ఆఫీసులో ఒక జూనియర్ మీద అరుస్తున్నాను. ఆ విసురులోనే ఫోనెత్తి "ఏంటి?" అన్నాను. "అన్నయ్యా, అమ్మ పోయింది. నిద్రలోనే" అంది ఆ అమ్మాయి. ఫోన్ పెట్టేసి ఎదురుగా నిలబడ్డవాణ్ణి చూశాను. తల వంచుకుని నా చేతుల వైపు చూస్తున్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఏ పని మానమని ఆవిడ ఇన్నేళ్ళు చెబుతూ వచ్చారో, ఆవిడ పోయిన పూట కూడా అదే పని చేస్తూ దొరికిపోయాను. "నువ్వు వెళ్ళి కూర్చో, తర్వాత మాట్లాడుకుందాం" అని అతణ్ణి పంపించి ఇంటికి బయల్దేరాను.

ఆవిడ భీమవరం వైపు మనిషి. ఢిల్లీలో ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. కూతురూ నర్సే. మయూర్ విహార్‌లో వాళ్ళది కింది ఫ్లాటు, మాది దాని పైది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అంతా తీపిగా రాయాలనిపిస్తుంది గానీ, మా పరిచయం పోట్లాటతోనే మొదలైంది. నా స్కూటర్ ఆవిడ కరివేపాకు కుండీకి అడ్డంగా పెడుతున్నానని. "నీ బండికి నీడ కావాలి గానీ నా మొక్కకి ఎండ అక్కర్లేదా బాబూ?" అని మెట్ల దగ్గరే నిలదీశారు. ఆవిడ నోటికి జడిసి నేను చాలాకాలం వెనక గేటు నుంచి తిరిగాను.

మెట్రో ఇంకా మా వైపు రాని ఆ రోజుల్లోనే, ఒక డిసెంబరులో, మా ఇంటికి లడ్డూ వచ్చింది. మా అమ్మాయి శ్రుతి అప్పుడు నాలుగో క్లాసు. దాని పోరు పడలేక కుక్కల షెల్టర్ నుంచి ఒక టెర్రియర్‌ని తెచ్చాం. గోధుమరంగు, ముతక వెంట్రుకలు, ఒక చెవి మడత. నోయిడాలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ బాల్కనీలో కట్టేసి పోయారట. పక్కింటివాళ్ళు చూసి చెబితే షెల్టర్ వాళ్ళు తెచ్చుకున్నారు. ఆ షెల్టర్ మేడమ్ మాకు అప్పగిస్తూ ఒక మాట గట్టిగా చెప్పింది. నెల తర్వాత వచ్చి చూస్తాను, మీ దగ్గర కుదురుకోకపోతే వెనక్కి తీసుకెళ్ళిపోతాను అని. శ్రుతి ఆ నెలంతా ఆ మాటే తలుచుకుంటూ గడిపింది.

మొదటి ఆదివారమే నేను పెద్ద తప్పు చేశాను. మనకి ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా నలుగురికీ చూపించుకోవాలి కదా, ఫ్రిజ్ అయినా, పసిబిడ్డ అయినా. చుట్టుపక్కల తెలుగువాళ్ళందర్నీ టీకి పిలిచాను. పిల్లలు తోక లాగారు. పెద్దవాళ్ళు "షేక్ హ్యాండ్, షేక్ హ్యాండ్" అంటూ మీద పడ్డారు. అది సోఫా కింద దూరింది. నేను మెడపట్టె పట్టుకుని బయటికి లాగితే, కొత్త తివాచీ మీద అందరి ముందూ ఉచ్చ పోసేసింది. అందరూ నవ్వారు. నా పరువు పోయినట్టయింది. "లడ్డూ!" అని ఇల్లదిరేలా అరిచాను.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆ పేరు అరుపుగానే వినపడింది. చెప్పు కొరికితే లడ్డూ, కాలింగ్ బెల్లుకి మొరిగితే లడ్డూ. పైగా మనవాళ్ళకి ఒక జబ్బుంది, కుక్క కనపడితే చాలు ఇంగ్లీషు వచ్చేస్తుంది. నేను "సిట్" అనేవాణ్ణి, మా ఆవిడ "కూర్చోవే" అనేది, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే శ్రుతి "బైఠో" అనేది. పాపం అది ముగ్గురి మొహాలూ చూసి, చివరికి మంచం కిందికి పోయేది. మేం ఆఫీసులకీ స్కూలుకీ వెళ్ళిపోయాక పొద్దంతా మొరిగేదట. కింద నైట్ డ్యూటీ చేసి వచ్చిన ఆంటీ కూతురికి నిద్ర లేదు.

ఆంటీ ఒక సెలవు రోజున పోట్లాటకే పైకి వచ్చారు. సరిగ్గా అప్పుడే నేను గుమ్మం దగ్గర లడ్డూని తిడుతున్నాను. అది గోడకి అంటుకుపోయి, తల వంచి, చెవులు వెనక్కి పెట్టి నిలబడింది. నేను ఆవిడకి నచ్చజెబుదామని, "చూడండి ఆంటీ, తప్పు చేశానని తెలుసు దానికి. ఎలా సిగ్గుపడుతోందో" అన్నాను.

ఆవిడ దగ్గరికి రాలేదు. గుమ్మం అవతలే నిలబడి చాలాసేపు దాన్నే చూశారు.

"సిగ్గు కాదు బాబూ అది. భయం" అన్నారు. "మా వార్డులో ఈ మొహాలు ఎన్ని చూశానో. ఎక్కడ నొప్పో చెప్పుకోలేనోళ్ళ మొహాలు. సిగ్గు పడాల్సింది మనం."

పోట్లాడ్డానికి వచ్చిన మనిషి మొరుగుడు గురించి ఒక్క మాటా అనకుండా దిగి వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పొద్దూ. మా ఇంట్లోకి వచ్చి మాకు చెప్పడానికి ఈవిడెవరనుకున్నాను.

ఆవిడకి కుక్కల గురించి ఏమీ తెలియదు. ఇంకా చెప్పాలంటే కుక్కలంటే హడలు. నైట్ డ్యూటీలకి వెళ్ళే రోజుల్లో వీధి కుక్కలు వెంటపడేవట, అందుకని ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా గొడుగు పట్టుకునే నడిచేవారు. అలాంటి మనిషి మర్నాడు సాయంత్రం ఒక బేసిన్ నిండా బఠాణీ కాయలు తెచ్చుకుని మా మెట్ల మీద కూర్చున్నారు. "తలుపు తీసి ఉంచు అమ్మాయ్, దాన్ని పిలవొద్దు" అని మా ఆవిడతో చెప్పి, గుమ్మం వైపు వీపు తిప్పి కాయలు వొలవడం మొదలెట్టారు. కుక్క మొహం చూస్తే ఆవిడకి భయం. అందుకే వీపు. మొదటిరోజు లడ్డూ గుమ్మం దాటలేదు. కానీ మొరగలేదు. తర్వాత ఒకరోజు మెల్లగా వచ్చి, ఆవిడ పక్కన రాలిపడ్డ గింజ ఒకటి తిని పారిపోయింది. ఆవిడ ఊపిరి బిగబట్టి, వెనక్కి తిరక్కుండానే, "పోయిందా? పోయిందా?" అని శ్రుతిని అడగడం నాకింకా గుర్తుంది.

ఇద్దరూ ఒకరికొకరు భయపడుతూనే దగ్గరయ్యారు.

ఆవిడ చెప్పినవన్నీ వార్డు కబుర్లే. "కొత్తగా వచ్చిన పేషెంటుకి ముందు మంచం చూపించాలి. సూది తర్వాత" అనేవారు. అందుకని లడ్డూకి వంటింటి పక్క మూలలో పాత దుప్పటి వేయించారు. అక్కడుండగా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, నేనైనా సరే. ముట్టుకునే ముందు "నేనే" అని చెప్పాలి. కళ్ళు మూసుకుని పడుకున్న రోగుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిడకున్న అలవాటది. తర్వాత ముగ్గుర్నీ నిలబెట్టి, "ఇంట్లో ఒక పనికి ఒకటే మాట. ఏ భాషో మీరే తేల్చుకోండి" అన్నారు. ఓట్లేస్తే తెలుగు గెలిచింది. "రా", "కూర్చో", "ఆగు". శ్రుతి నోట తెలుగు ఆజ్ఞలు వింటుంటే మా ఆవిడ మురిసిపోయింది.

నా ఒక్కడికే ఆవిడ వేరే పాఠం పెట్టారు. "లడ్డూ అని తీపి పేరు పెట్టుకుని, ఆ పిలుపేంటి బాబూ, కారం పూసినట్టు? పేరంటే దగ్గరికి రమ్మనడానికి. తిట్టుకోవాలంటే పేరు పెట్టకుండా తిట్టుకో."

నవ్వి ఊరుకున్నాను. ఆ వారంలోనే ఒక సాయంత్రం లెక్కల హోంవర్కు చెయ్యలేదని గదిలోంచి "శ్రుతీ!" అని కేకేశాను. ఆంటీ మా హాల్లోనే ఉన్నారు, కరివేపాకు ఇచ్చిపోదామని వచ్చారు. నా కేకకి లడ్డూ గోడకి అంటుకుంది. దాని పక్కనే మా అమ్మాయి కూడా గోడకి అంటుకుని, తల వంచుకుని, నా చేతుల వైపు చూస్తోంది. ఇద్దరిదీ ఒకటే మొహం. ఆంటీ నా వైపు చూడను కూడా లేదు. కరివేపాకు బల్ల మీద పెట్టి, "వస్తానమ్మా" అని మా ఆవిడతో చెప్పి వెళ్ళిపోయారు. నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది.

నెల తిరిగాక షెల్టర్ మేడమ్ వచ్చింది. శ్రుతి పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఆంటీని కూడా పిలుచుకొచ్చింది తోడుగా. మేడమ్ నన్నే పిలవమంటూ, "ఆప్ బులాయియే" అంది. నేను ఎంత మెత్తగా పిలవగలనో అంత మెత్తగా, "లడ్డూ, రా" అన్నాను. అది లేచింది, రెండడుగులు వేసి ఆగి, తిరిగి వెళ్ళి ఆంటీ చీర కుచ్చిళ్ళ వెనక నిలబడింది. శ్రుతి కళ్ళలో నీళ్ళు. పోయింది, ఇది నావల్లే పోయింది అనుకున్నాను.

ఆంటీ శ్రుతి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పిలు తల్లీ" అన్నారు. శ్రుతి కళ్ళు తుడుచుకుని, "లడ్డూ, రా. కూర్చో" అంది. లడ్డూ వచ్చి దాని ముందు బుద్ధిగా కూర్చుంది. మేడమ్ నవ్వింది గానీ నా వైపు అనుమానంగా చూసింది. అప్పుడు ఆంటీ తన ఆసుపత్రి హిందీలో, "కుత్తా తో సీఖ్ గయా. సాబ్ కో థోడా టైమ్ లగేగా" అన్నారు. కుక్కకి వచ్చేసింది, ఈయనకే ఇంకొంచెం టైం పడుతుందని. అందరూ పకపకా నవ్వారు, శ్రుతి అందరికంటే గట్టిగా. నేనూ నవ్వాను, తలెత్తకుండా. లడ్డూ మాకు ఉండిపోయింది.

ఆవిడ నాకిచ్చిన ఆ టైం ఇన్నేళ్ళయినా పూర్తిగా సరిపోలేదు. ఇంట్లో అరవడం చాలావరకు మానేశాను, అందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను. శ్రుతి ఇప్పుడు నాతో వాదిస్తుంది, ఎదురు చెబుతుంది. వింటూంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. కానీ లడ్డూ మాత్రం నేను పిలిస్తే ఈ రోజుకీ ఒక మూర దూరంలో ఆగుతుంది. నా చేతుల వైపు చూసుకుని, తర్వాతే వస్తుంది. ఆంటీ దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఆగితే బాగుండునని ఆవిడే అనుకునేవారు. చివరిదాకా అది ఒళ్ళోకి ఎక్కితే "ఓరి దేవుడా" అని కళ్ళు మూసుకునేవారు.

సమాధి దగ్గర వాళ్ళ చర్చి అయ్యగారు ప్రార్థన చేసి, ఎవరైనా ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వెనక వరసలోనే నిలబడిపోయాను. ఆ నాలుగు మాటలూ ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆవిణ్ణి సాగనంపిన మర్నాడు సాయంత్రం మార్కెట్ నుంచి బఠాణీ కాయలు తెచ్చాను. బేసిన్ పట్టుకుని మెట్ల మీద ఆవిడ కూర్చునే చోట, గుమ్మం వైపు వీపు తిప్పి కూర్చున్నాను. పిలవలేదు. కాసేపటికి లోపల్నుంచి గోళ్ళ చప్పుడు దగ్గరికొచ్చి, నా వెనక ఆగింది. ఎంత దూరంలో ఆగిందో తిరిగి చూడకుండానే తెలుసు. "నేనే" అన్నాను. ఒక గింజ తీసి పక్కన మెట్టు మీద పెట్టి, చేతులు రెండూ బేసిన్‌లో పెట్టుకుని, ఇంకో కాయ వొలుచుకుంటూ కూర్చున్నాను.