జెల్మీరా పిన్ని అడిగిన ఒక్క తేదీ

జెల్మీరా హ్రొంచెకోవా ముప్పై ఒక్కేళ్ళుగా మా పట్టణ కార్యాలయంలో పనిచేస్తోంది. ముసలివాళ్ళ మధ్యాహ్న భోజనానికి పట్టణం ఇచ్చే సాయం ఎవరెవరికి చేరాలో చూడటం ఆవిడ పని. ఏ ముసలాయన పళ్ళు కట్టించుకున్నాడో, ఏ ముసలామెకి కూతురు ఫోన్ చేయడం మానేసిందో ఆవిడకు తెలుసు. లిఫ్టు ఎక్కదు. మూడో అంతస్తు దాకా మెట్లెక్కుతూ మలుపు మలుపుకీ ఒకరిని తిడుతుంది. మొదటి వంతు కింద గాజు గదిలో కాపలా కూర్చునే నాది.

"ఇన్ని పుస్తకాలు చదివి ఏం ఉద్ధరించావురా రాస్తో? తలుపు తీయడానికా?"

"తీసేవాడైనా చదువుతున్నాడు పిన్నీ. పైన కూర్చుని మూసేవాళ్ళు అదీ చేయరు."

నిరుడు శరత్కాలంలో ఆ సాయం పంపడానికి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. నవంబరు నాలుగున కంపెనీ కుర్రాడు వచ్చి తెర మీద ఐదు పేర్లు చూపించాడు. ఐదూ సరిగ్గానే ఉన్నాయి. 'పరీక్షించాను, లోపం లేదు' అన్న కాగితం మీద పిన్ని సంతకం పెట్టింది. జనవరిలో రెండు వందల పద్నాలుగు మందికి సాయం అందలేదు. వాళ్ళందరి ఇంటి నంబర్లలో మధ్య గీత ఉంది. మా ఊళ్ళో పాత వీధుల నంబర్లన్నీ అలాగే ఉంటాయి. ఆ గీత సాఫ్ట్‌వేర్‌కి మింగుడుపడలేదు.

ఉపమేయర్ బుబ్లావెక్‌కి తప్పు నెత్తిన రుద్దడానికి ఒక మనిషి కావాలి. సంతకం పెట్టిన మనిషి ఉండనే ఉంది.

"పరీక్షించినవాళ్ళదే బాధ్యతని కంపెనీతో చేసుకున్న కాంట్రాక్టులో ఉంది" అన్నాడు ఆవిడతో. "రెండు వారాల్లో విచారణ. ఉద్యోగం ఉంటుందని నేను చెప్పలేను."

"ఆ కాంట్రాక్టు ఒకసారి చూపించండి."

"అది వ్యాపార రహస్యం."

పింఛనుకి ఇంకా ఏడాదిన్నర. ఆ రోజు ఆవిడ ఎవర్నీ తిట్టకుండా కిందికి దిగివచ్చి నాతో ఇదంతా చెప్పింది. నాకు నవ్వొచ్చింది.

"నవ్వుతావేంట్రా వెధవా?"

"రహస్యమేంటి పిన్నీ? పట్టణం చేసుకున్న కాంట్రాక్టు నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టాలి. పెట్టిన మర్నాటి నుంచే అది అమల్లోకి వస్తుంది. అప్పటిదాకా చిత్తుకాగితమే."

"ఆ చట్టం నాకు తెలీదా? నువ్వు చెడ్డీలేసుకునే రోజుల నుంచి ఇక్కడున్నాను."

"తెలుసు. ఆ పేజీ ఎప్పుడైనా తెరిచావా?"

ఒక్కసారీ తెరవలేదట. ఈ భవనంలో తొంభై మంది ఉన్నారు. దేన్నైనా చూసే హక్కుంది, చూసేవాడు లేడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నా కంప్యూటర్లోనే తెరిచాం. రెండు నిమిషాలు పట్టింది. పంతొమ్మిది పేజీలు. అక్కడక్కడ నల్లరంగు పూశారు, మిగతాదంతా చదవొచ్చు. సంతకాలైంది అక్టోబరు పదిహేడు. ప్రచురించింది డిసెంబరు రెండు. పిన్ని ఆ తేదీ మీద వేలు పెట్టి తీయలేదు.

"నేను సంతకం పెట్టింది నవంబరులో కదరా."

"అప్పటికి కాంట్రాక్టు అమల్లోనే లేదు. లేనిదాన్ని ఎలా పరీక్షించావో వాళ్ళే చెప్పాలి."

తెర మీద కనపడితే చాలదు, ముద్ర వేసిన కాగితం కావాలి అంది. భోజనం వేళ కోటు తొడుక్కుని, ఊరి మనిషిలా కింద కౌంటరు ముందు నిలబడింది. సమాచార చట్టం కింద ఒకే ప్రశ్న రాసింది: ఈ కాంట్రాక్టును ఏ రోజున ప్రచురించారు?

కౌంటరులో పిల్ల తెల్లబోయింది. "మీ గది పక్కనే కదండీ ఆ సెక్షన్! వెళ్ళి అడిగేయకూడదూ?"

"ఇప్పుడు నేను పౌరురాలిని. ముద్ర వెయ్యి."

జవాబివ్వడానికి ఎనిమిది పనిదినాలు గడువు. తొమ్మిదో రోజు పొద్దున విచారణ.

ఆ ప్రశ్న చేరింది కాంట్రాక్టులు చూసే హెడ్విగా దగ్గరికి. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే బల్ల మీద భోజనం చేస్తున్నారు. అక్టోబరు పదిహేడు హెడ్విగా పేరు రోజు, అంటే క్యాలెండరులో ఆ పేరు రాసివుండే రోజు; మా దగ్గర దాన్ని పుట్టినరోజులా చేసుకుంటాం. ఆ రోజు ఆవిడ గది నిండా రొట్టెముక్కల పళ్ళేలు, ప్లమ్ సారా గ్లాసులు. కాంట్రాక్టు సరిగ్గా అప్పుడే వచ్చింది. నెట్‌లో నువ్వు పెడతావనుకున్నానని ఒకరు, నువ్వు పెట్టేశావనుకున్నానని ఇంకొకరు. ఆరు వారాలు అది పళ్ళేల కింద పడివుంది. ఇప్పుడు తేదీ రాసివ్వడమంటే తన తప్పు తనే రాసివ్వడం.

హెడ్విగా భోజనానికి దిగడం మానేసింది. పిన్ని మాత్రం ముసలివాళ్ళకి వరసగా ఫోన్లు చేస్తూ చేత్తో జాబితా రాసుకుంది, ఈ నెలైనా వాళ్ళకి అందాలని. నేను ఆ హెడ్విగా మీద ఆశ వదులుకున్నాను. మనుషుల మీద నాకున్న నమ్మకం అంతంత మాత్రమే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం రెండింటికి హెడ్విగా దిగివచ్చింది. పిన్ని నా గదిలోనే ఉంది. కాగితం కవరులో కూడా పెట్టలేదు.

"ఇన్ని రోజులా?" అంది పిన్ని.

"వారం రోజులు రోజూ రాసి చింపానే. సిగ్గేసింది. ఇదిగో, ముద్ర కూడా వేశాను."

"మరి నీకేమవుతుంది?"

"మందలింపు కాగితం ఇస్తారు. ఇస్తే ఇవ్వనీ, అరిగిపోను. నిన్ను పంపేస్తే మాత్రం నాకు అన్నం దిగదే."

పిన్ని ఆవిడ భుజం మీద ఒక్కటి వేసింది, చప్పుడయ్యేలా.

విచారణ నాలుగు నిమిషాల్లో ముగిసింది. పట్టణం లాయరు కాగితం చూసి, ఆ సంతకానికి విలువ లేదన్నాడు. పరీక్ష మళ్ళీ జరగాలి, లోపాన్ని కంపెనీయే సరిచేయాలి.

"అసలు ఈ తేదీ అడిగిందెవరు?" అన్నాడట బుబ్లావెక్.

"ఈ ఊరి పౌరురాలు ఒకామె" అందట పిన్ని.

ఇది చెబుతూ చెబుతూ నా కుర్చీలో కూలబడింది. బూట్లు విప్పేసింది. మంచినీళ్ళు తెచ్చేలోగా నోరు తెరుచుకుని నిద్రపోయింది. పది రోజుల నిద్ర బాకీ మరి. టైము ఇంకా పదిన్నర కాలేదు.

పైనుంచి ఫోన్ మోగింది. మొదటి మోతకే ఎత్తాను. బుబ్లావెక్ సెక్రెటరీ.

"జెల్మీరా గారు అక్కడున్నారా?"

"ఉన్నారండీ" అన్నాను గొంతు తగ్గించి. "ముఖ్యమైన పనిలో ఉన్నారు. మధ్యాహ్నం చేయండి."