మెబార్కా పిన్ని మోగించిన గంట

తుగ్గుర్త్‌లో మా ఆడపిల్లల బడి ఊడ్చేది మెబార్కా పిన్ని. ఫిజిక్స్ ల్యాబ్ ఊడవనిచ్చేవారు గానీ అందులో ఒక్క వస్తువూ ముట్టుకోనిచ్చేవారు కాదు. అక్కడి సహాయకుడు మానేశాక ఆ ఉద్యోగం తనకే కావాలని పట్టుబట్టింది. మా లఖ్దర్ మాస్టారు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట.

"అయస్కాంతాల గురించి నీకేం తెలుసమ్మా?"

"ఎనిమిదేళ్లుగా మీరు అదే పాఠం చెప్తున్నారు, నేను ఆ కిటికీ కిందే తుడుస్తున్నా కదా మాస్టారూ!"

హెడ్మాస్టరమ్మ వార్దా మేడమ్ తెగేసి చెప్పింది. "బడి గంట చెడిపోయి వారమైంది. గురువారంలోగా మోగించు, ల్యాబ్ తాళంచెవి నీదే. లేదంటే మళ్లీ ఆ మాటెత్తకు."

పిన్ని గంట విప్పింది. తీగచుట్ట మధ్యలో ఉండే ఇనుప కడ్డీ తుప్పుపట్టి విరిగిపోయింది. ఆ చోట ఇనుము అరగదీసే పాత ఆకురాయి ముక్క ఒకటి దూర్చి బొత్తాం నొక్కింది. సుత్తి టంగుమని ఒక్క దెబ్బ కొట్టి, అక్కడే అతుక్కుపోయింది. మేం నవ్వాపుకోలేక చచ్చాం.

"కరెంటొస్తే లాగాలి, పోతే వదలాలి. అలా లాగుతూ వదులుతూ ఉంటేనే గణగణ! ఇదేంటే, పట్టుకుని కూచుంది?" అంది పిన్ని.

ఆకురాయిని ఊడబెరికి, తన ముసుగు గుండుపిన్నులు దానికి తాకించింది. కరెంటు లేకపోయినా వేలాడాయి.

"ఉక్కు కదా, అచ్చం మా అత్తే! గొడవ అయిపోయినా మనసులోంచి పోనివ్వదు."

ఇక చెంచా, సూది, మేకు, ఏది దొరికితే అది తీగచుట్టలో దూర్చి చూసింది. చివరికి గోడ కడుతున్న మేస్త్రీ దగ్గర చువ్వలు కట్టే మెత్తటి ఇనుప తీగ అడిగి తెచ్చి, ముక్కలు చేసి కట్టగట్టింది. కరెంటిస్తే పిన్నులన్నీ అంటుకున్నాయి. తీసేస్తే అన్నీ జలజలా రాలిపోయాయి.

"మర్చిపోయిందే! ఎంత మంచి పిల్లవే నువ్వు!" అని ఆ తీగల కట్టను ముద్దుపెట్టుకుంది. మేం వెర్రెక్కిపోయి గంతులేశాం.

గురువారం పొద్దున పదింటికి పిన్ని బొత్తాం నొక్కింది. గణగణగణగణ! బడి వదిలేశారనుకుని పిల్లలంతా సంచులతో గేటు దాటి పరుగో పరుగు. లఖ్దర్ మాస్టారు చెవులు మూసుకుని ఏదో అరుస్తున్నారు, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. నా ఆనందం ఏమని చెప్పను! పిన్ని ఏడుస్తోంది, నవ్వుతోంది, బొత్తాం మీంచి వేలు మాత్రం తియ్యదు.

వార్దా మేడమ్ తాళంచెవి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఇదిగో తీసుకో తల్లీ! నీకు పుణ్యముంటుంది, ఆ వేలు తియ్యి!"

పిన్ని ఎడంచేత్తో తాళంచెవి లాక్కుంది.

"ఇంకొక్క నిమిషం, మేడమ్!"