పడకగది లైటు

కళ్ళద్దాల షాపులో పగలంతా అద్దాలు అరగదీసే ఆ పెద్దమనిషికి పొద్దుగూకితే చుక్కల పిచ్చి. లోకమంతా ఇళ్ళ స్థలాల కోసం పాకులాడుతుంటే, ఈయన ఎవరికీ అక్కరలేని ఒక మసక చుక్కల గుంపు కోసం పెరట్లో పడిగాపులు పడేవాడు. వీధి దీపాల వెలుగులో అది కంటికి ఆనదు. ఫొటో మీద ఫొటో తీసి, అన్నింటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరిస్తేనే బయటపడుతుంది. మధ్యలో ఎక్కడైనా వెలుతురు పడిందా, ఆ ఫొటో తీసి పారెయ్యాల్సిందే.

భార్యది గుండె జబ్బు. గట్టిగా పిలిస్తే ఆయాసం. "అవసరమైతే గదిలో లైటు వెయ్యి, పరిగెత్తుకొస్తా" అని మాటిచ్చింది ఆయనే. పడకగది కిటికీ పెరటివైపే.

"మీ చుక్కలు నాకు సవతులండీ" అని నవ్వేది ఆవిడ.

మొదట్లో లైటు వెలగగానే పరుగెత్తేవాడు. తీరా చూస్తే దాహమనో, దిండు జారిందనో. పాపం, దుర్మార్గుడేం కాదు, రానురాను విసుగొచ్చింది.

ఆ రాత్రి వానలు వెలిసి ఆకాశం కడిగినట్టుంది. కెమెరా పని మొదలుపెట్టిందో లేదో, కిటికీ భగ్గున వెలిగింది.

"అబ్బా, లైటాపు! కాసేపు ఓర్చుకోలేవా?"

ఆరిపోయింది. ఆయన మళ్ళీ ఫొటోల్లో పడ్డాడు. తెల్లవారుజామున లోపలికి వెళ్ళేసరికి ఆవిడ స్విచ్చి కింద నేల మీద ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, నిద్రలోనే పోయిందని అందరికీ చెప్పాడు. కడుపులో పెట్టుకున్న ఆ అబద్ధం తిండి సయించనివ్వలేదు, కంటిమీద కునుకు పడనివ్వలేదు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక కూతురు ఒక్కతే ఉండిపోయింది. నాన్నని కాస్త మనిషిని చేద్దామని కంప్యూటర్ తెరిచి ఆ రాత్రి ఫొటోలు ఏరసాగింది.

"నాన్నా, చుక్కలెంత బాగా పడ్డాయో! పేర్చి అమ్మ ఫొటో పక్కన పెడదాం. చివరి రాత్రి తీసినవి కదా." తర్వాతి ఫొటో తెరిచి అంది, "ఇదొక్కటీ తెల్లగా పాడైంది. తీసేస్తున్నా."

"తియ్యకు!"

ఆ కేకకి ఆమె ఉలిక్కిపడింది.

"అది మీ అమ్మ వేసిన లైటు. నన్ను పిలిచింది. నేనే ఆపమన్నాను."

కూతురు లేచి పడకగదిలోకి వెళ్ళి లైటు వేసి, తలుపేసుకుంది. ఆ తర్వాత ప్రతి రాత్రీ అంతే. చుక్కలు ఎంత బాగా కనిపించే రాత్రయినా సరే, ఆ లైటు ఆపమనే ధైర్యం ఆయనకి మళ్ళీ రాలేదు.